పెద్దబాట మూస్తే పుంతబాట
ఇరాన్ యువతకు ముక్కూమొహం తెలియనివారి ఆసరా

ఊరి రోడ్డుకు అడ్డంగా గేటు వేసి కాపలా పెడితే జనం ఏం చేస్తారు? పొలాల మధ్య పుంత పట్టుకుని పోతారు. 2022లో ఇరాన్ దేశంలో జరిగింది ఇదే. అయితే అక్కడ మూసింది మట్టిరోడ్డు కాదు, ఇంటర్నెట్ దారి.

తలపై వస్త్రం సక్రమంగా ధరించలేదంటూ టెహరాన్‌లో పోలీసులు పట్టుకుపోయిన మహసా అమీని అనే 22 ఏళ్ల యువతి ఆ ఏడాది సెప్టెంబరు 16న మరణించింది. దేశమంతటా జనం వీధుల్లోకి వచ్చారు. వారం తిరగకముందే ప్రభుత్వం వాట్సాప్‌ను, ఇన్‌స్టాగ్రామ్‌ను నిలిపివేసింది. వీధిలో ఏం జరుగుతోందో బయటి ప్రపంచానికి చెప్పుకునే దారులు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

ఆ సమయంలో అక్కరకు వచ్చిన వాటిలో 'స్నోఫ్లేక్' ఒకటి. ఆ మాటకు మంచురేకు అని అర్థం. లాభాపేక్ష లేని టార్ ప్రాజెక్టు అనే సంస్థ దీన్ని నడుపుతోంది.

పనిచేసే తీరు

నిషేధించిన చిరునామాల జాబితా ప్రభుత్వం వద్ద ఉంటుంది. వాటికి నేరుగా పోయే కబురును మధ్యలోనే ఆపేస్తారు. స్నోఫ్లేక్‌లో కబురు ముందుగా మరో దేశంలోని ఎవరో ఒకరి కంప్యూటరుకు చేరి, అక్కడి నుంచి ముందుకు సాగుతుంది. కాపలావారి కంటికి అది ఇద్దరు వీడియోలో మాట్లాడుకుంటున్నట్లే ఉంటుంది. ఒక కంప్యూటరును పసిగట్టి ఆపితే మరొకటి అందుకుంటుంది.

ఈ సాయం చేసేందుకు పెద్ద చదువులు అక్కర్లేదు. కంప్యూటరులోని బ్రౌజరుకు ఒక చిన్న సాధనం చేర్చుకుంటే చాలు. దీనికి జీతం లేదు, పేరూ రాదు. సాగే కబురు తాళం వేసిన పెట్టె వంటిది. మోసేవాడు అందులో ఏముందో చూడలేడు.

ఎత్తుకు పైఎత్తు

ఆ సెప్టెంబరు ఆఖరులో ఇరాన్ నుంచి స్నోఫ్లేక్ వాడేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. అక్టోబరు 4న హఠాత్తుగా పడిపోయింది. దారి కలిపేటప్పుడు కనిపించే ఒక చిన్న ఆనవాలును అధికారులు పట్టేశారు. నిపుణులు ఆ ఆనవాలును మార్చి దారిని మళ్లీ తెరిచారు.

అయితే దీనికీ హద్దు ఉంది. 2019 నవంబరులో పెట్రోలు ధర పెంపుపై ఆందోళనలు చెలరేగినప్పుడు ఇరాన్ ప్రభుత్వం దాదాపు వారం రోజులు ఇంటర్నెట్‌నే ఆపేసింది. పెద్దకాలువకే నీరు కట్టేస్తే పిల్లకాలువలో ఏం పారుతుంది?

వాట్సాప్‌పై నిషేధాన్ని 2024 డిసెంబరులో ఎత్తివేశారు. నాడు దారి ఇచ్చినవారెవరో నడిచినవారికి తెలియదు. నడిచినవారెవరో దారి ఇచ్చినవారికీ తెలియదు. చలివేంద్రంలో నీళ్లు పోసేవారు బాటసారి ఊరూపేరూ అడగరు గదా!