రాకెట్ చూడ్డానికి వెళ్లే పిల్లలు లైబ్రరీకి ఎందుకు రారు?

శ్రీహరికోటలో రాకెట్ ఎగురుతోందంటే చాలు, మన పిల్లల కాళ్లు ఇంట్లో నిలవవు! 2019లో అక్కడి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రంలో ప్రజల కోసం గ్యాలరీ తెరిచారు. ముందుగా ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా చూడొచ్చు. అక్కడ గంటలకొద్దీ ఓపిగ్గా కూర్చునే పిల్లలే, సొంత ఊళ్లో గ్రంథాలయానికో, కమ్యూనిటీ హాలుకో వెళ్లమంటే "అక్కడేముందమ్మా, బోరు!" అంటారు.

వాళ్లని అని ఏం లాభం? గ్యాలరీకి స్నేహితులతో కలిసి వెళతారు. అక్కడ చూడ్డానికో ముచ్చట ఉంటుంది. మరి మన హాళ్లలో పెళ్లిళ్లు, మీటింగులు తప్ప వాళ్లకోసం జరిగేదేముంది? పేపరు చదివే పెద్దమనుషుల మధ్య పదహారేళ్ల ఆడపిల్ల ఒక్కతే వెళ్లి కూర్చోగలదా? మగపిల్లాడైతే టీ బంకు దగ్గరైనా నిలబడతాడు. ఆడపిల్లకి ఆ చోటూ లేదు. ఇల్లు, కాలేజీ, చేతిలో సెల్‌ఫోను... అంతే!

ఇది మన డబ్బే!

మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. కాబట్టి అక్కడ మన పిల్లలకేం కావాలో అడిగే హక్కు మనకుంది.

ఇలా చేసి చూడండి

* ఇరుగుపొరుగు అమ్మలు నలుగురు వంతులు వేసుకోండి. శనివారం సాయంత్రం ఒకరు పిల్లలకి తోడు వెళితే చాలు. ఆ గంటసేపు మీరూ ఓ పత్రిక తిరగేయొచ్చు!

* పిల్లలకే పని అప్పగించండి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఏటా ఆ రోజు జాతీయ అంతరిక్ష దినోత్సవం. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. చిన్నపిల్లలకి రాకెట్ సంగతులు చెప్పే బాధ్యత పెద్దపిల్లలు తీసుకుంటే, హాలు తమదే అనిపిస్తుంది.

* సరిపడా లైట్లు, మంచినీళ్లు, ఆడపిల్లలకి విడిగా మరుగుదొడ్డి ఉన్నాయా? లేకపోతే మునిసిపాలిటీకి, గ్రంథాలయాధికారికి అర్జీ పెట్టండి. పిల్లల చేతే రాయించండి.

* తిరుమల వెళ్లినప్పుడు, తిరుపతిలో 1993 నుంచి ఉన్న ప్రాంతీయ సైన్స్ కేంద్రం చూపించండి. తాకి, తిప్పి చూసి నేర్చుకునే చోటు అది.

"చీకటి పడుతోంది, ఎక్కడికీ వద్దు" అని ఆడపిల్లని ఆపడం తేలికే. రేపు చదువుకో, ఉద్యోగానికో ఒంటరిగా పట్నం వెళ్లాల్సి వస్తే, నలుగురిలో నోరు విప్పే ధైర్యం ఎక్కణ్నుంచి తెచ్చుకుంటుంది? చీకటి పడకముందే ఓ గంట దొరుకుతుందిగా, ఈ శనివారమే మొదలుపెట్టండి!