కానరాని కణమునకు సాక్ష్యము



నెల్లూరు తీరమందలి పల్లెపాలెములలో ఒక రాత్రి నడిసముద్రమున వల తెగినదనుకొందము. కోసినవానిని కన్నులార జూచినవారుండరు. పెద్దలు తెగిన అంచును పరీక్షింతురు. ఆ రేయి ఏయే పడవలు వేటకు బోయినవో విచారింతురు. సాక్షులను వేర్వేరుగ నడుగుదురు. మాటలన్నియు నొక్కచోటికి వచ్చినగాని తీర్పు చెప్పరు. టాప్ క్వార్కు అనెడి కణముయొక్క వృత్తాంతమును ఇట్టి తగవువంటిదే.

పరమాణువు నడుమ ప్రోటానులు, న్యూట్రానులు కలవు. అవి క్వార్కులనెడి మరింత సూక్ష్మమైన కణములచే నేర్పడినవి. క్వార్కులు ఆరు విధములుగ నుండవచ్చునని 1973లో కొబయాషి, మస్కావా అను జపాను శాస్త్రజ్ఞులు సూచించిరి. అయిదవది 1977లో దొరకెను. ఆరవదియే టాప్.

ఇది ప్రోటానుకంటె సుమారు 184 రెట్లు బరువు. ఒక్క కణమే యయ్యును బంగారపు పరమాణువుతో ఇంచుమించు సరితూగును. శక్తి ద్రవ్యముగ మారగలదు గనుక, ఇంత బరువు పుట్టవలెనన్న అపారమైన శక్తి కావలయును. అందులకై అమెరికాలో చికాగో నగరసమీపమున ఫెర్మీ ప్రయోగశాలవారు నాలుగు మైళ్ల చుట్టుకొలతగల వలయములో ప్రోటానులను, ప్రతిప్రోటానులను ఎదురెదురుగ పరుగెత్తించి ఢీకొట్టించిరి. ఇంచుమించు వెయ్యికోట్ల తాకిడులకొక్కసారి టాప్ జంట పుట్టును. పుట్టియు, సెకనును కోటి కోట్ల కోట్ల భాగములు చేసిన అందొక భాగమైనను నిలువదు. అది విడిపోగా వెడలిన కణముల జాడలే మనకు సాక్షులు.

చిక్కేమనగా, అట్టి జాడలు ఇతర కారణములచేతను గలుగును. 1984లో జెనీవా చెంత యూఏ1 బృందమువారు టాప్ చిహ్నములు గనబడెనని ప్రకటించిరి. వారు చెప్పిన బరువు నేడు తెలిసినదానిలో మూడవవంతైనను లేదు. మరిన్ని తాకిడులను పరిశీలింపగా ఆ మాట నిలువలేదు.

1994లో ఫెర్మీశాలయందు సీడీఎఫ్ బృందమునకు 12 తాకిడులలో తగిన గుర్తులు దొరకెను. ఇతర కారణములవలననే అన్ని గుర్తులు కనబడుటకు సుమారు 400లో ఒకవంతు అవకాశముండెను. కావున వారు దానిని ఆధారమనిరేగాని ఆవిష్కారమనలేదు. అదే వలయమున మరొకచోట డీజీరో బృందము వేరొక యంత్రముతో స్వతంత్రముగ వెదకుచుండెను. మన దేశమునుండి టాటా మౌలిక పరిశోధనసంస్థ, ఢిల్లీ, పంజాబు విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు అందు పాల్గొనిరి. ఉభయుల లెక్కలును బలపడిన పిమ్మట, 1995 మార్చి 2వ తేదీన ఇరువురును ఒక్కదినముననే ఆవిష్కారమును ప్రకటించిరి.

ఆ యంత్రము 2011లో ఆగిపోయెను. నేడు జెనీవా చెంత 17 మైళ్ల వలయములో టాప్ జంటలు మిక్కుటముగ పుట్టుచున్నవి. ఎన్ని పుట్టవలెనో సిద్ధాంతము ముందుగ లెక్కగట్టును. ఎన్ని పుట్టినవో యంత్రము చెప్పును. ఇంతవరకు ఆ రెండును చాలవరకు పొసగుచున్నవి. ఏనాడైన అవి స్పష్టముగ పొసగనిచో, మనమెరుంగని కారణమొకటి ప్రకృతిలో నున్నదని యర్థము. అందులకే ఒకసారి దొరకిన కణమును మరల మరల పుట్టించి లెక్కించుచున్నారు.