పిల్లల ఎక్స్‌-రేలో సీసపు కవచం

ఎక్స్‌-కిరణాలు సోకిన పండుఈగల సంతతిలో ఉత్పరివర్తనలు, అంటే తరువాతి తరాలకు సంక్రమించే జన్యుమార్పులు, అనేక రెట్లు పెరుగుతాయని హెర్మన్ ముల్లర్ 1927లో నిరూపించాడు. దానివల్ల కలిగిన వంశపారంపర్య హాని భయం అణుబాంబుల తరువాత మరింత బలపడడంతో, 1950ల నుంచి రోగుల బీజకోశాలను, అంటే అండాశయాలను, వృషణాలను, సీసపు కవచంతో కప్పే పద్ధతి స్థిరపడింది. 1976లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ కూడా దానిని సిఫారసు చేసింది. ఒక్క చిత్రానికే చాలా కిరణాలు ఖర్చయ్యే ఆ కాలపు యంత్రాలకు అది సముచితమైన జాగ్రత్త.

యంత్రాలు మెరుగుపడి కటిభాగపు అవయవాలకు చేరే మోతాదు 95 శాతానికి పైగా తగ్గిన తరువాత కవచంలోని లోపాలు ప్రస్ఫుటమయ్యాయి. బాలికల్లో అండాశయాల స్థానం ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా ఉండి పైకి కనిపించదు గనుక, కవచం తరచు వాటిని కప్పకపోగా, వైద్యుడు చూడవలసిన తుంటి ఎముకనే మరుగుపరచవచ్చు; అప్పుడు చిత్రం మళ్లీ తీయవలసి వచ్చి, బిడ్డకు రెండోసారి కిరణాలు తగులుతాయి. శరీరం లోపల కణజాలాన్ని తాకి చెదిరే కిరణాలను పైన పరచిన సీసం ఆపలేదు. అన్నిటికన్నా ఆందోళనకరమైనది మరొకటి: తగినన్ని కిరణాలు అందగానే ప్రసారాన్ని తనంతట తానే ఆపే నియంత్రణ వ్యవస్థ ఆధునిక యంత్రాల్లో ఉంటుంది, దాని గ్రాహకానికి సీసం అడ్డొస్తే కిరణాలు చాలలేదని భావించి ప్రసారాన్ని పొడిగిస్తుంది, కాబట్టి రక్షణకై ఉంచిన వస్తువే మోతాదును పెంచుతుంది.

ఈలోగా మూలభయమూ సడలింది. హిరోషిమా, నాగసాకి బాధితులకు తరువాత పుట్టిన సంతానంలో వంశపారంపర్య హాని పెరిగినట్లు దశాబ్దాల పరిశీలనలోనూ తేలలేదు. ఒక్కో అవయవపు హాని వాటాను సూచించే గుణకాన్ని బీజకోశాలకు అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం 1977లో 0.25గా నిర్ణయించి, 2007 నాటికి 0.08కి తగ్గించింది. అందువల్ల కవచాన్ని నిత్యవిధిగా వాడడం మానాలని అమెరికాలోని వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం 2019లోనూ, జాతీయ వికిరణ రక్షణ మండలి 2021లోనూ ప్రకటించాయి.

ఏళ్లతరబడి కవచమే క్షేమమని విన్న తల్లిదండ్రులకు దానిని తీసేయడం నిర్లక్ష్యంగా తోచడం సహజమే. వారికి ఈ కారణాలను ఓపికగా విడమరచి చెప్పడం సిబ్బంది బాధ్యత. కిరణపుంజాన్ని అవసరమైన మేరకే కుదించడం, బిడ్డను కదలకుండా ఉంచి ఒక్కసారికే చిత్రం సాధించడం, అనవసర పరీక్షను అసలు చేయకపోవడం నేటి ప్రధాన రక్షణలు. పరీక్ష వేళ బిడ్డను పట్టుకొని నిలిచే తల్లికో తండ్రికో మాత్రం సీసపు ఏప్రాన్ ఇప్పటికీ తొడుగుతారు, ఎందుకంటే చిత్రంతో పనిలేని ఆ శరీరంపై చెదిరి పడే కిరణాలను అది నిజంగానే అడ్డుకుంటుంది.