రేషన్ ఆపి నగదు ఇస్తామంటే... మీరేమంటారు?

భద్రాచలం నుంచి ఎటపాకకు ఆటోలో కొద్ది నిమిషాల ప్రయాణం. ఆ కాస్త దూరంలోనే రాష్ట్రం మారిపోతుంది. 2014లో పోలవరం ముంపు కారణంగా పాత ఖమ్మం జిల్లాలోని 7 మండలాల గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలోనే ఉండిపోయింది. 2025 నాటి లెక్క చూస్తే ఎటపాకలో వితంతు పింఛను 4,000 రూపాయలు, భద్రాచలంలో 2,016. రైతు సాయం అటువైపు కుటుంబానికి ఇంత అని, ఇటువైపు ఎకరానికి ఇంత అని ఇస్తున్నారు. గోదావరి ఒకటే, అడవి ఒకటే. అందే సాయమే వేరు.

‘ఇన్ని పథకాలు, ఇన్ని అర్హతలు ఎందుకు? అన్నీ తీసేసి మనిషికి ఇంత అని ఖాతాలో వేస్తే పోదా?’ ఈ ప్రశ్న గ్రూప్‌-1 మెయిన్స్‌లో వ్యాసంగా రావచ్చు. క్యాంపస్ గ్రూప్ డిస్కషన్‌లో టాపిక్‌గానూ ఇవ్వొచ్చు. ‘మంచిదే’ అనో, ‘జనం సోమరులవుతారు’ అనో ఒక్క ముక్కలో తేల్చేస్తే మార్కులు పడవు. మన జిల్లా లెక్కలతోనే దీన్ని అర్థం చేసుకుందాం.

ముందు అసలు విషయం

సార్వత్రిక కనీస ఆదాయాన్నే పొట్టిగా యూబీఐ అంటున్నారు. దీనికి మూడు లక్షణాలుంటాయి. అందరికీ ఇవ్వాలి. షరతులుండకూడదు. కుటుంబానికి కాకుండా ప్రతి మనిషికీ విడిగా, నిర్ణీత కాలానికోసారి నగదుగా ఇవ్వాలి.

మన దేశంలో ఈ చర్చకు ఊపు తెచ్చింది 2016-17 ఆర్థిక సర్వే. అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ బృందం మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు అని లెక్క కట్టింది. జనాభాలో 75 శాతానికి ఇచ్చినా జీడీపీలో 4.9 శాతం ఖర్చవుతుంది. అప్పటికి కేంద్రం నడుపుతున్న సుమారు 950 పథకాల ఖర్చు జీడీపీలో దాదాపు 5 శాతం. ఈ రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. ‘ఉన్నవాటికి తోడుగానా, వాటి బదులుగానా’ అనే గొడవంతా ఇక్కడే మొదలైంది.

కాగితం లేనివాళ్ల సంగతి

యూబీఐకి అనుకూలంగా బలమైన వాదన కావాలంటే పోడు భూముల వైపు చూడండి. 2018 మేలో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది. కౌలు రైతుకు రాలేదు. 2023 జూన్ చివర్లో మొదలుపెట్టి రాష్ట్రంలో సుమారు 1.51 లక్షల మంది గిరిజనులకు 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలిచ్చారు. ఎక్కువ పట్టాలు వచ్చిన జిల్లా భద్రాద్రి కొత్తగూడెం. పట్టా వచ్చింది కాబట్టి రైతు సాయమూ వచ్చింది. రానివాళ్లకు రెండూ లేవు.

అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే హక్కు. ఛత్తీస్‌గఢ్‌లో హింసకు తాళలేక ఆ తర్వాత ఇటు వలస వచ్చిన గుత్తికోయలకు ఆ తేదీయే అడ్డుగోడ. ఇక్కడ వారికి ఎస్టీ ధ్రువపత్రం దొరకడమూ కష్టమే. మనిషిని చూసి ఇచ్చే సాయమైతే పట్టా అడగదు. అయితే ‘అందరికీ’ అన్న జాబితాలోనైనా వాళ్ల పేరు చేరుతుందా అన్నది మీరు వేయాల్సిన తర్వాతి ప్రశ్న.

ఊరికే ఇస్తే పని మానేస్తారా?

చర్చలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. దానికి జవాబు మధ్యప్రదేశ్‌లో దొరుకుతుంది. అక్కడ 2011-12లో సేవా సంస్థ యూనిసెఫ్ సాయంతో కొన్ని గ్రామాల్లో ప్రయోగం చేసింది. వాటిలో గిరిజన గ్రామం కూడా ఉంది. మొదట పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలిచ్చి, తర్వాత 300, 150కి పెంచారు. జనం పని మానలేదు. కూలికి వెళ్లేవాళ్లలో కొందరు సొంత చేలో పనికి మళ్లారు. ఈ పరిశోధనను నడిపినవారిలో హైదరాబాద్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల ఒకరు.

ఇక్కడే చాలామంది ఒక విషయం వదిలేస్తారు. ఆ ఊళ్లలో రేషన్ ఆపలేదు, మిగతా పథకాలూ తీసేయలేదు. డబ్బు అదనంగా ఇచ్చారు. కాబట్టి ‘పథకాల బదులు నగదు’ అనే వాదనకు ఈ ప్రయోగాన్ని సాక్ష్యంగా చూపిస్తే ఎదుటివాళ్లకు దొరికిపోతారు.

ఇప్పుడు లెక్క వేయండి

నలుగురున్న కుటుంబం అనుకోండి. సర్వే లెక్కన ఏడాదికి 30,480 రూపాయలు వస్తాయి.

పోడు పట్టా సగటున 2.7 ఎకరాలు. రైతు భరోసా ఎకరాకు ఏడాదికి 12,000 కాబట్టి ఆ రైతుకు ఇప్పుడే 32,400 రావాలి. యూబీఐ వల్ల ఆయనకు లాభం లేదు. ఐదెకరాల రైతుకు రావాల్సింది 60,000. ఆయన సగం పోగొట్టుకుంటాడు. సెంటు భూమి లేని కూలీ కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ప్రకటించింది 12,000. అదీ ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉంటేనే. ఆ ఇంటికి మాత్రం 18,480 లాభం.

బియ్యం కూడా ఆపేస్తే? తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం. నలుగురికి ఏడాదికి 288 కిలోలు. బయట కిలో 40 అనుకున్నా 11,520 రూపాయలు. కూలీ ఇంటి లాభంలో సగానికి పైగా బియ్యానికే పోతుంది.

ఇక మీ సంగతి. సంక్షేమ హాస్టల్లో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారి మెస్ చార్జీని 2024లో 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు. సర్వే చెప్పిన 7,620ని 12తో భాగిస్తే నెలకు 635. అది పాత ధరల లెక్క కదా, రెట్టింపు చేద్దాం. 1,270. హాస్టల్ తీసేసి ఆ డబ్బు చేతిలో పెడితే ఖమ్మంలో గది అద్దె, భోజనం వెళ్తాయా? మీరే చెప్పండి.

నగ్రి, ఖమ్మం నేర్పిన పాఠాలు

జార్ఖండ్‌లో రాంచీ దగ్గర నగ్రి బ్లాక్‌లో 2017 అక్టోబరులో కిలో రూపాయి బియ్యం ఆపి, ఖాతాల్లో డబ్బు వేశారు. ఆ డబ్బు తెచ్చుకుని అదే రేషన్ షాపులో కిలో 32 రూపాయలకు కొనాలి. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి, తీసుకోవడానికి బ్యాంకు చుట్టూ తిరగలేక జనం వ్యతిరేకించారు. 2018 ఆగస్టులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

దీనికి భిన్నమైన అనుభవం మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలి, పింఛన్లను వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో ఊళ్లోనే చెల్లించారు. 2010-12 మధ్య 8 జిల్లాల్లో ఆర్థికవేత్తలు దీన్ని అధ్యయనం చేశారు. అందులో ఖమ్మం ఒకటి. కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. నగ్రిలో మనిషి డబ్బు కోసం తిరిగాడు, ఇక్కడ డబ్బు మనిషి దగ్గరికి వచ్చింది. వాగు పొంగితే దారి మూసుకుపోయే చర్ల, దుమ్ముగూడెం గూడేల్లో ఈ తేడా చాలా పెద్దది.

చర్చలో ఎలా చెప్పాలి?

* ఏది తీసేస్తారో ముందు అడగండి. నగదు పథకాలను కలిపి మనిషికి ఇంత అని ఇవ్వడం వేరు. బియ్యం, హాస్టల్, ఆసుపత్రి తీసేసి నగదు ఇవ్వడం వేరు. మొదటిదాన్ని సమర్థిస్తూనే రెండోదాన్ని వ్యతిరేకించవచ్చు.
* ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో అంకెలతో చెప్పండి. ఐదెకరాల రైతు ఎందుకు ఒప్పుకుంటాడన్న ప్రశ్నకు సిద్ధంగా ఉండండి.
* ధరలు పెరిగితే ఆ మొత్తం కూడా పెరుగుతుందా? బియ్యం ఆరు కిలోలంటే ఎప్పుడైనా ఆరు కిలోలే. 635 రూపాయల విలువ మాత్రం ఏటా తగ్గుతుంది.
* డబ్బు ఎక్కడ చేతికందుతుందో అడగండి. ఖాతాలో పడటం, చేతికి రావడం ఒకటి కాదు.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మానాన్నలతో కూర్చుని బియ్యం, పింఛను, రైతు భరోసా, మీ ఫీజు, మీ మెస్ చార్జీ... ఏడాదికి ఏది ఎంత వస్తుందో కాగితం మీద రాయండి. కూడి ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో భాగించండి. వచ్చిన అంకెను 7,620 పక్కన పెట్టి చూడండి. తర్వాత పక్కింటి లెక్క కూడా అడగండి. రెండిళ్ల జవాబు ఒకటే కాకపోతే, ఆ తేడా ఎందుకొచ్చిందో వివరించండి. మీ వ్యాసానికి మొదటి పేరా అక్కడే దొరుకుతుంది.