పాడాడా, పాడడా? చాట్‌లో ఒక్క దీర్ఘం పోతే అర్థమే తారుమారు

రాజమహేంద్రవరం: సిద్ శ్రీరామ్ కొత్త పాట వచ్చిందంటే చాలు, గోదావరి జిల్లాల కుర్రాళ్ల ఫోన్లు ఆగవు. ఒకరు పాట లింకు పెడతారు. దాని కింద వరసగా గుండె బొమ్మలు, నిప్పు బొమ్మలు, మధ్యలో నాలుగు మాటలు. ఆ మాటలు తెలుగే, కానీ చాలామంది రాసేది ఇంగ్లీషు అక్షరాల్లో. చిక్కంతా అక్కడే వస్తోంది.

'అన్న ఏం పాడాడు!' అని ఒక అభిమాని మురిసిపోతూ రాశాడనుకోండి. 'పాడాడు' అనే మాటకి తొందరలో అతను కొట్టేవి ఆరే అక్షరాలు: పీ, ఏ, డీ, ఏ, డీ, యూ. వాటిని పాడాడు అని చదవచ్చు. పాడడు అని కూడా చదవచ్చు. పాడదు, పడడు, పడదు... ఏదైనా కావచ్చు. మెచ్చుకున్నవాడు కాస్తా 'ఈయన పాట నాకు పడదు' అన్నవాడిలా కనిపిస్తాడు. ఇంకేముంది, అర్ధరాత్రి దాకా గొడవ.

అవునుకి, కాదుకి మధ్య ఒక్క దీర్ఘం

ఇది టైపింగ్ పొరపాటే కదా అని తీసిపారేయడానికి లేదు. తెలుగు క్రియ ఉన్న తీరే అలాంటిది. జరిగిపోయిన పని గురించి చెప్పేటప్పుడు మధ్యలో 'ఆ' అనే దీర్ఘం వస్తుంది: పాడాడు, చెప్పాడు, పంపాడు, కట్టాడు. ఆ పని చేయడు అని చెప్పాలంటే దీర్ఘం పోతుంది: పాడడు, చెప్పడు, పంపడు, కట్టడు. మిగతా అక్షరాలన్నీ అవే. అంటే 'అవును'కి 'కాదు'కి మధ్య అడ్డుగోడలా ఉన్నది ఒక్క దీర్ఘమే. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క 'ఏ'తో సరిపెట్టినప్పుడు ఆ గోడ కూలిపోతుంది.

అన్ని క్రియలకీ ఈ బాధ లేదు. వచ్చాడు-రాడు, ఇచ్చాడు-ఇవ్వడు, చేశాడు-చేయడు: వీటిలో అక్షరాలే మారిపోతాయి కాబట్టి ఎలా రాసినా తెలిసిపోతుంది. పాడు, ఆడు, చెప్పు, పంపు, కట్టు, పెట్టు, నమ్ము, మాట్లాడు లాంటి మాటల దగ్గరే జాగ్రత్త కావాలి. గౌరవంగా రాసినా అంతే: పాడారు అంటే పాడేశారు, పాడరు అంటే ఇక పాడరు.

పాట దగ్గర నవ్వులాటే, ఇంట్లో మాత్రం కాదు

పాట విషయంలో అయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ పాటల గ్రూపులో అలవాటైన రాతే ఇంటి గ్రూపులోకీ వస్తుంది. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు ఎంతోమంది. కువైట్‌లో ఉన్న అన్న గురించి తమ్ముడు అమ్మీకి ఒక మెసేజ్ పెట్టాడనుకోండి. 'భాయ్ డబ్బులు పంపాడు' అనేది అతని ఉద్దేశం. దీర్ఘం లేకుండా చదివితే 'భాయ్ డబ్బులు పంపడు'. చెల్లి ఫీజు గడువు దగ్గరపడిన ఇంట్లో ఆ తేడా చిన్నదేమీ కాదు. సంబంధం మాట్లాడటానికి వెళ్లిన మామూ 'చెప్పాడు' అని రాస్తే, ఇక్కడ 'చెప్పడు' అని చదువుకుని దిగులుపడేవాళ్లూ ఉంటారు. అప్పు కట్టాడా, కట్టడా? లెక్కల్లో ఇది లాభానికీ నష్టానికీ ఉన్నంత తేడా.

దీనికి తేలికైన మందు ఉంది. దీర్ఘం ఉన్నచోట 'ఏ' రెండుసార్లు కొట్టడం. అది గుర్తుండదు అనుకుంటే మాటే మార్చేయచ్చు. పంపాడుకి బదులు 'పంపేశాడు', పంపడుకి బదులు 'పంపనన్నాడు' అని రాస్తే, ఏ అక్షరాల్లో రాసినా అర్థం తప్పదు.

గాయకుడి 'ళ' పట్టుకుంటాం, మన 'ళ' సంగతి?

సిద్ శ్రీరామ్ చెన్నైలో పుట్టి, అమెరికాలోని కాలిఫోర్నియాలో పెరిగాడు. 2018లో వచ్చిన 'గీత గోవిందం' పాటతో తెలుగిళ్లలో మనిషైపోయాడు. ఆ పాట రాసిన అనంత శ్రీరామ్ మన పశ్చిమ గోదావరి జిల్లా దొడ్డిపట్ల మనిషే. సిద్ గొంతుకి ఎంత మంది అభిమానులున్నారో, అతని తెలుగు పలుకుబడి మీద వాదులాడుకునేవాళ్లూ అంతే ఉన్నారు. ఫలానా చోట 'ళ' సరిగ్గా పలకలేదని ఒకరు, గొంతులో భావం ఉంటే చాలదా అని ఇంకొకరు.

తమాషా ఏమిటంటే, 'ళ' పలకలేదని తప్పుపట్టే మెసేజ్‌లోనే ల, ళ రెండింటికీ ఒకే 'ఎల్' ఉంటుంది. 'ఆ పాటలో కళ ఉంది' అన్నారా, 'కల ఉంది' అన్నారా? చదివేవాళ్లే పోల్చుకోవాలి. న-ణ, డ-ద, ట-త సంగతీ అంతే. గాయకుడికి పాట ఒక్కసారి రికార్డు చేసేదాకే పని. మనం రోజూ రాస్తూనే ఉంటాం.

ఈ ఇబ్బంది ఫోన్లతో పుట్టింది కాదు. తెలుగు లిపి కంప్యూటర్లో సరిగ్గా కనిపించని రోజుల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు దీనికో పద్ధతి పెట్టుకున్నారు. రైస్ యూనివర్సిటీ పేరు మీద దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. అందులో దీర్ఘానికి 'ఏ' రెండుసార్లు, ట, డ, ణ, ళలకి క్యాపిటల్ అక్షరాలు. నియమం చిన్నదే, కానీ చదివేవాళ్లకి అనుమానం మిగలదు.

'గారు' ఎవరికి, 'అండి' ఎవరికి?

ఇంట్లో పెద్దవాళ్ల గ్రూపుల్లో సిద్ కన్నా మహమ్మద్ రఫీయే ఎక్కువ వినిపిస్తారు. 1980 జులై 31న కన్నుమూసిన రఫీ సాబ్ తెలుగులోనూ పాడారు. 'భలే తమ్ముడు' (1969), 'ఆరాధన' (1976), 'అక్బర్ సలీం అనార్కలి' సినిమాల్లోని పాటలు ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన ఇళ్లలో ఇప్పటికీ ఇష్టంగా వింటారు.

ఇక్కడ ఎదురయ్యేది మర్యాద వ్యాకరణం. 'రఫీ గారు బాగా పాడాడు' అని రాస్తే సగం గౌరవం ఇచ్చి సగం లాక్కున్నట్టు ఉంటుంది. గారు అంటే పాడారు అనాలి. 'సిద్ అన్న పాడాడు' అన్నది తప్పు కాదు, అది చనువు. ఉర్దూలో తూ, తుమ్, ఆప్ తేడా తెలిసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు.

మరి మన గోదావరి 'అండి'? 'బాగా పాడాడండి' అంటే కొందరు తప్పంటారు. తప్పు కాదు. 'గారు' ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లకి. 'అండి' ఎవరితో మాట్లాడుతున్నామో వాళ్లకి. గాయకుడి మీద చనువు, వింటున్న పెద్దాయన మీద గౌరవం, రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

ఉర్దూ మాటలు రాసేటప్పుడు

తెలుగు లిపిలో రాస్తే అన్నీ తీరిపోతాయా అంటే, మన ఇళ్లలో అదీ లేదు. మన దక్కనీ మాటలో కబురన్నా 'ఖబరే', సమాధి అన్నా 'ఖబరే'. ఉర్దూ లిపిలో మొదటిదానికి ఖే, రెండోదానికి ఖాఫ్. అక్షరం చూడగానే తెలిసిపోతుంది. తెలుగులో రెండింటికీ ఒకే 'ఖ'. 'దాదా ఖబర్ దగ్గర ఉన్నాం' అన్నది సరే, ఒట్టి 'దాదా ఖబర్' అని మెసేజ్ వస్తే దూరాన ఉన్నవాళ్ల గుండె ఆగినంత పనవుతుంది. అలాంటి చోట 'కబురు' అనో 'సమాధి' అనో తెలుగు మాటే వాడటం మేలు.

పేర్ల దగ్గరా అంతే. జలీల్ అంటే గొప్పవాడు. ఉర్దూలో ఇంకో 'జ'తో రాస్తే అదే మాటకి అవమానం పాలైనవాడు అని అర్థం. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం 'జే', 'జెడ్' అని రెండు అక్షరాలున్న ఇంగ్లీషే మెరుగు. ఏ లిపీ అన్నింటికీ సరిపోదు, దేని లోటు ఎక్కడుందో తెలిస్తే చాలు.

వ్యాకరణం అంటే గ్రాంథికం కాదు

చాట్‌లో వ్యాకరణం ఏమిటి అనేవాళ్లకి గిడుగు రామమూర్తి గారిని గుర్తుచేయాలి. మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడి, 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమండ్రికి వచ్చేసిన మనిషి ఆయన. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆ లెక్కన 'కుమ్మేశాడు', 'ఇరగదీశాడు' అని రాయడం తప్పేమీ కాదు, అది జీవమున్న తెలుగు. రాసింది ఒకటి, ఎదుటివాళ్లకి చేరింది ఇంకొకటి అయితేనే తప్పు.

ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు అక్షరాలు, ఉర్దూ అక్షరాలు రెండూ సరిగ్గా రాని పిల్లలు మన ఇళ్లలోనూ పెరుగుతున్నారు. పుస్తకం ఇస్తే ముట్టుకోనివాళ్లు కూడా ఇష్టమైన గాయకుడి గురించి రోజుకి యాభై మెసేజ్‌లు రాస్తారు. ఫోన్ కీబోర్డులో తెలుగు పెట్టుకుంటే ఇంగ్లీషు అక్షరాలు కొట్టినా తెలుగు లిపిలో పడుతుంది. అది ఒక్కటి అలవాటు చేస్తే దీర్ఘం, 'ళ', 'ణ' కళ్ల ముందే కనిపిస్తాయి. అక్షరాలు గుర్తుపట్టడం పాటతో పాటే వచ్చేస్తుంది.

పంపే ముందు ఒక్కసారి పైకి చదువుకోండి. పాడాడా, పాడడా అని మీకే అనుమానం వస్తే, అవతలివాళ్లకి తప్పకుండా వస్తుంది.