మా బిడ్డ నడుస్తాడా?

"మా వాడు ఇంకా నిలబడలేదు. మేమేం పాపం చేశాం డాక్టరుగారూ?" ఇబ్రహీంపట్నం చుట్టుప్రక్కల తల్లులు కన్నీళ్లతో అడిగే ప్రశ్న ఇది.

ప్రియ తల్లిదండ్రులారా, ఇది శాపం కాదు. పుట్టు గ్రుడ్డివాని గూర్చి శిష్యులు ఇలాగే అడిగినప్పుడు ప్రభువు తల్లిదండ్రులపై నింద మోపలేదు (యోహాను 9). సెరిబ్రల్ పాల్సీలో దెబ్బతిన్నది కాళ్లు కాదు, కాళ్లను నడిపించే మెదడు భాగం.

పొరుగున కర్ణాటకలోని కలబురగి దగ్గర 2019 డిసెంబరు 26 గ్రహణం నాడు కొందరు ఇలాంటి పిల్లలను మెడ వరకు మట్టిలో పాతిపెట్టారు. మట్టి నడక నేర్పదు, ప్రాణానికే ప్రమాదం. నేర్పేది రోజువారీ సాధన.

ఇంట్లో ఇలా చేయండి:

1. మెడ నిలపడం, కూర్చోవడం, నిలబడడం వరుసగా నేర్పండి. రెండేళ్లలోపు ఆసరా లేకుండా కూర్చున్న పిల్లలు చాలామంది తరువాత నడుస్తారు.

2. మోకాలు చాపి, మడమ పట్టుకొని, పాదాన్ని మెల్లగా పైకి వంచండి. ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

3. వాకిట్లో బిడ్డ నడుమెత్తున రెండు వెదురు కర్రలు గట్టిగా కట్టి, వాటి మధ్య నడిపించండి.

4. కూర్చోబెట్టే చక్రాల వాకరు వద్దు.

18 నెలలు నిండినా నడవని బిడ్డను వెంటనే డాక్టరుకు చూపండి. అంగన్‌వాడీకి వచ్చే ఆర్.బి.ఎస్.కె. బృందం ఉచితంగా పరీక్షిస్తుంది.

కొందరు కాలిపర్లతో నడుస్తారు, కొందరికి చక్రాల కుర్చీ కావాలి. ఎలా వచ్చినా సరే, ఆ బిడ్డను ఆదివారం ఆరాధనకు తీసుకురండి. ఇంట్లో దాచకండి.