రాచకొండ బండలకు ఒకపూట ప్రయాణము

గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి తన ధనము చాలునో చాలదో లెక్కించుకొనవలెనను ఉపమానమును మన విద్యార్థులందరును వినియే యున్నారు. కొండ యెక్కదలచినవానికిని ఇట్టి లెక్క తప్పదు. అతడు ధనమునకు బదులుగా నీరు, వెలుతురు, కాళ్లసత్తువ అను మూడింటిని లెక్కించుకొనవలెను. రాబోవు శీతకాలమున పైతరగతులవారిని రాచకొండకు తీసికొనిపోవ నుద్దేశించినాము గనుక, ఆ ప్రయాణమునకు ముందుగా తెలిసికొనవలసిన సంగతులను ఇచట వివరించుచున్నాము.

రాచకొండ హైదరాబాదు నగరమునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున, నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్నది. క్రీస్తుశకము 14వ శతాబ్దమున రేచర్ల పద్మనాయక రాజులకు ఇది రాజధాని. సంస్కృతమున రసార్ణవసుధాకరమను అలంకారగ్రంథమును రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఈ వంశమువాడే. నేడు ఆ రాజధాని చాలవరకు అడవిపాలైనది. ముళ్లపొదలనడుమ కోటగోడలును, ద్వారములును నిలిచి యున్నవి. పెద్దపెద్ద రాళ్లను సున్నము లేకయే ఒకదానిపై నొకటి పొందికగా పేర్చి యా గోడలను కట్టిరి. కొండబండలు అడ్డుగా నున్నచోట్ల బండనే గోడగా వాడుకొనిరి.

ఆ బండలను మొదటిసారి చూచినవారు ఎవరో రాక్షసులు వానిని పేర్చిరని తలంతురు. ఏనుగంత గుండు చిన్నరాతిమీద ఒరిగి, నేడో రేపో దొర్లిపడునట్లు కానవచ్చును. ఇది యెట్లు జరిగినదో తెలిసికొనుట కష్టము కాదు. దక్కను పీఠభూమియందలి గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరగియున్న పదార్థము మెల్లమెల్లగా చల్లారుటచే నేర్పడినది. స్ఫటికము, ఫెల్డ్‌స్పారు, అభ్రకము అను ఖనిజములు ఇందు ముఖ్యమైనవి. పైనున్న భూమి యుగయుగములుగా కొట్టుకొనిపోగా, బరువు తగ్గిన యీ రాయి నిలువుగను అడ్డముగను బీటలువారినది. ఆ బీటలలో వాననీరు దిగి ఫెల్డ్‌స్పారును మట్టిగా మార్చును. రాతిముఖము ఒక్కవైపునుండియే నీటికి లోనగును గాని, మూలలు రెండుమూడు వైపులనుండి లోనగును. అందుచే మూలలు ముందుగా అరిగి చదరపు రాయి గుండ్రని గుండగును. చుట్టునున్న మట్టి వానలకు కొట్టుకొనిపోగా, గుండ్లు మాత్రము ఒకదానిపై నొకటి మిగిలినవి. కావున ఈ గుండ్లను ఎవరును ఎత్తి పెట్టలేదు. అవి యున్నచోటనే యుండగా చుట్టునున్నది పోయినది.

ఇక ప్రయాణపు సంగతి. 2018వ సంవత్సరము ఫిబ్రవరి నెలాఖరున మేము కొందరు విద్యార్థులతో ఇట్టి బండలకొండ యొకటి ఎక్కితిమి. బస్సు ఆలస్యమగుటచే ఉదయము ఏడుగంటలకు ఆరంభింపవలసిన నడక పదిగంటలకు ఆరంభమైనది. అప్పుడే ప్రయాణమును మానుకొని యుండవలసినది. పిల్లలు నిరుత్సాహపడుదురని మేము మానలేదు. ఒక్కొక్కరికి ఒక సీసా నీరే యుండెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు తన నీటిని తోటివానికిచ్చి, ఆ మాట ఎవరికిని చెప్పలేదు. దిగివచ్చునప్పుడు ఒంటిగంట యెండలో, కాలుచున్న బండమీద అతడు తలతిరిగి కూలబడెను. చెట్టునీడకు మోసికొనిపోయి, తడిగుడ్డలతో ఒళ్లు తుడిచి, విసరి, తెలివి కుదుటపడిన పిమ్మట ఉప్పు పంచదార కలిపిన నీరు కొంచెముకొంచెముగా త్రాగించితిమి. దేవుని దయవలన గంటలో తేరుకొనెను. అతని తల్లికి ఆ సాయంకాలము జరిగినది చెప్పునప్పుడు మాకు మాట పెగలలేదు. ఆమె మమ్ము నిందింపలేదు. "నీళ్లు ఎన్ని తీసికొనిపోయినారు, అయ్యగారూ?" అని మాత్రము అడిగెను. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు మేము ఆలస్యముగా చెప్పుచున్న జవాబు.

మొదటిది కాలము. నవంబరునుండి ఫిబ్రవరి నడిమివరకు తగిన కాలము. వేసవిలో బండ నిప్పుకణికవలె నుండును. వర్షకాలమున పాచిపట్టి జారును. శీతకాలమునందును ఒక చిక్కు కలదు: డిసెంబరులో సాయంకాలము అయిదుముప్పావు గంటలకే సూర్యుడు అస్తమించును.

రెండవది నడకకు పట్టు సమయము. స్కాట్లండు దేశస్థుడగు విలియం నెయిస్మిత్ 1892లో ఒక సులభమైన సూత్రమును చెప్పెను. నేటి కొలతలలో దానిని, 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తునకు మరియొక గంట అని చెప్పుదురు. రానుపోను దారి 6 కిలోమీటర్లు, ఎత్తు 200 మీటర్లు అనుకొందము. నడకకు 72 నిమిషములు, ఎత్తునకు 20 నిమిషములు, వెరసి 92 నిమిషములు. ఈ లెక్క అలవాటుపడిన ఆరోగ్యవంతునిది. పిల్లల గుంపునకు దీనిని రెట్టింపు చేసి మూడుగంటలనుకొని, చూచుటకును తినుటకును ఒక గంట చేర్పవలెను. ఏడుగంటలకు బయలుదేరినచో పదునొకండు గంటలకు క్రిందికి వత్తుము. తొమ్మిదిన్నరకు ఎక్కడనున్నను వెనుదిరుగవలెనని ముందే నిర్ణయించి అందరికిని చెప్పవలెను. శిఖరము నూరడుగుల దూరముననున్నను ఆ నియమమును మీరరాదు.

మూడవది నీరు. ఒక్కొక్కరు రెండు లీటర్లు తమ సంచిలోనే మోయవలెను. దారిలో దొరకునని నమ్మరాదు. ఉపాధ్యాయులయొద్ద మరి కొన్ని సీసాలు వేరుగా నుండవలెను. విశ్రాంతికి ఆగిన ప్రతిసారి సీసాలను పరీక్షించుట మాకిప్పుడు నియమము. నీరు పంచుకొనుట మంచిదే గాని, ఆ సంగతి పెద్దలకు చెప్పియే పంచుకొనవలెను.

నాలుగవది దుస్తులు, నడవడి. అరుగని అడుగుగల బూట్లు, పొడుగు చేతుల చొక్కా, తలకు టోపీ లేక తువ్వాలు ఉండవలెను. దారి తెలిసిన ఊరివాడొకడు ముందును, ఉపాధ్యాయుడొకడు కడపటను నడువవలెను. నెమ్మదిగా నడచువారు గుంపునకు ముందుభాగమున నుండవలెను. గుంపు వారి వేగముననే సాగవలెను. ఎక్కగలిగిన బండనెల్ల దిగగలమనుకొనరాదు. దిగుదారిని చూచుకొనకయే ఏ బండను ఎక్కరాదు.

బండల సందులలో చేయి పెట్టరాదు, పాములుండవచ్చును. ఎవరినైన పాము కరచినచో కోయుట, నోటితో పీల్చుట, బిగించి కట్టుట చేయరాదు. ఆ కాలినో చేతినో కదలనీయక, 108కి ఫోనుచేసి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. పెద్దబండల చూరులక్రింద తేనెపట్లు వ్రేలాడుచుండును. అచట కేకలు వేయుట, రాళ్లు విసరుట, పొగ పెట్టుట ప్రాణాపాయకరము. అడవిలోనికి పోవుటకు ముందు అటవీశాఖవారి అనుమతి పొందుటయు మరువరాదు.

తుదకు బండలనుగూర్చి ఒక మాట. కోట్లకొలది సంవత్సరములలో ఏర్పడిన గుండును మందుపాతరతో నిమిషములో కంకరగా మార్చవచ్చును. హైదరాబాదు చుట్టుపట్ల ఇట్టి కొండ లనేకము ఇట్లే పోయినవి. వానిని కాపాడుటకై 1996లో ఆ నగరమున ఒక సంఘము ఏర్పడినది. మనము కొండలు పగులగొట్టువారము కాకపోయినను, రంగుతో మన పేర్లు వ్రాసిన యెడల ఆ పాపములో కొంత పాలు మనకును వచ్చును. కావున సుద్దముక్కయైనను తీసికొనిపోరాదు. తెచ్చుకొనిన కాగితములు, సీసాలు అన్నియు తిరిగి తెచ్చెదము.

పేర్లిచ్చిన విద్యార్థులు నడకకు వారము ముందుగా ప్రతిసాయంకాలము అరగంట నడచి కాళ్లకు అలవాటు చేసికొందురుగాక. బయలుదేరునప్పుడు ప్రార్థన చేసి అందరిని లెక్కింతుము. తిరిగి వచ్చినప్పుడు లెక్కించి ప్రార్థన చేయుదుము. ఆ రెండు లెక్కలును సరిపోయినప్పుడే మనము రాచకొండ చూచితిమని చెప్పుకొందము.